పిలుపు లేని మంద

నేను మహబూబాబాద్‌లో ఫ్లెక్సీలు తయారు చేసే దుకాణంలో పనిచేస్తాను. పట్నంలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరికి ఏ పదవి వచ్చినా ముందుగా తెలిసేది మాకే. పుట్టినరోజుకూ చావుకూ డిజైను ఒకటే. ఒకదానికి వెనక బెలూన్లు, ఇంకోదానికి వెనక మబ్బులు. ఒకసారి పని హడావుడిలో ఒక పెద్దాయన సంతాపం ఫ్లెక్సీకి బెలూన్లు ఉంచేశాను. వాళ్లింటి వాళ్లు కొట్టడానికి వస్తారని నేను గోడ దూకే దారి చూసుకుంటుంటే, కొడుకు వచ్చి కాసేపు చూసి, "మా నాయినకు ఇసొంటియి ఇష్టమే తియ్" అని తీసుకుపోయాడు. మనుషుల మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే. నా పని మీద అనుమానం మొదలైందీ ఆ రోజే.

ఎండాకాలం సువార్త సభలప్పుడు చర్చిల ఫ్లెక్సీలు బాగా వస్తాయి. వాటి కోసం కంప్యూటర్‌లో ఒక బొమ్మ దాచి పెట్టుకున్నాను. మంచి కాపరి బొమ్మ. మల్లెపువ్వులాంటి అంగీ, మెడ మీద గొర్రెపిల్ల, చుట్టూ మోకాలెత్తు పచ్చగడ్డి. ఆ గడ్డి మా దిక్కు ఏ కాలంలోనూ కనబడదు. అయినా ఎవరూ అడగలేదు.

అడిగింది మా బాపు, అంటే మా నాయిన, ఒక్కడే. గొర్రెల మందుల కోసం మహబూబాబాద్ వచ్చి, దుకాణం ముందు ఆరబెట్టిన ఫ్లెక్సీ దగ్గర నిలబడిపోయాడు.

"ఎవర్రా ఈయన?"

"ఎవరేంది బాపు, ప్రభువు."

"ప్రభువని నాకెరుకే. గొర్లు కాసేటాయన లెక్క ఎందుకు లేడని అడుగుతున్న. అంగీకి ఒక్క ముల్లు అంటలే. పిల్లను మెడ మీద ఎక్కించుకుంటే అంగీ మీద అది ఏం జేస్తదో నీకు తెల్వదా?"

"డిజైన్‌ల గవన్నీ పెట్టరు బాపు."

"ఇంకోటి. మంద ముంగట నడుస్తుండు. ముంగట నడిచెటోడు గొర్లోడు గాదు బిడ్డా, పెండ్లికొడుకు. కాపరి ఎనుక ఉంటడు. కుంటిది ఎనుకనే పడ్తది, ఈనెటిది ఎనుకనే పడ్తది. వాటి కాడ లేనోడు ఇంకెక్కడ ఉంటే ఏంది?"

మా ఓనరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట మళ్లీ పనికొస్తుందని అప్పుడు తెలిస్తే రాసి పెట్టుకునేవాణ్ని.

మాది జనగామ అవతల ఒక మెట్ట ఊరు. తాతల తాతల నుంచి గొర్రెలున్నాయి, తాత నుంచి చర్చి ఉంది. ఊళ్లో గొర్రెలు కాసే ఇళ్లలో ప్రభువును నమ్ముకున్న ఇల్లు మాదొక్కటే. అందుకని గొర్రెల మీద ఏ ప్రసంగం వచ్చినా పాస్టరు అయ్యగారు సాక్షిని పిలిచినట్టు మా బాపు దిక్కు చూస్తూ చెప్పేవాడు. బాపు మొహమాటానికి తల ఊపేవాడు. ఇంటికి వచ్చి, మా అవ్వ అన్నం పెడుతుంటే, తప్పులన్నీ చెప్పేవాడు. అవ్వంటే ముసలమ్మ కాదు, మా దిక్కు కన్నతల్లినే అట్ల పిలుస్తాం. అవ్వ మాత్రం "దేవుని మాటకు వంకలు పెట్టకు" అనేది. "మాటకు పెడ్తలేను, గొర్ల సంగతికి పెడ్తున్న" అనేవాడు బాపు.

ఆయన ప్రార్థన కూడా అట్లాగే ఉండేది. ఒకే పని చేసే ఇద్దరు మనుషులు తాటిచెట్ల కింద కలిసి మాట్లాడుకున్నట్టు. "తండ్రీ, నా కాడ ఉన్నది గింత మంద. దీనికే నా నడుము పోతున్నది. నీ కాడున్న మందకు నీ నడుము ఎట్లున్నదో నాకు సమజైతది." ఇట్లా మొదలుపెట్టేవాడు. చిన్నప్పుడు నాకు ఆ ప్రార్థన సిగ్గనిపించేది. చర్చిలో మిగతా వాళ్లు ఏడుస్తూ చేస్తుంటే, మా బాపు ఒక్కడే దేవుణ్ని పరామర్శించేవాడు.

ఎండలు ముదరకముందే మా దిక్కు మేత అయిపోతుంది. బాపు మందను తోలుకొని, నడుచుకుంటూ, భూపాలపల్లి అడవుల అంచుకు పోయేవాడు. తొలకరి పడ్డాక తిరిగి వచ్చేవాడు. నాకు గుర్తున్న ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఒక వారం నేనూ అక్కడ ఉన్నాను. అక్కడ చూసిందే మా బాపు అసలు విద్య.

మధ్యాహ్నం నీళ్లకు తోలినప్పుడు ఒర్రె దగ్గర రెండు మూడు మందలు కలిసిపోతాయి. ఒర్రె అంటే సన్నటి వాగు. కలిసిన గొర్రెలను పట్టి పట్టి వేరు చేయాలంటే పొద్దు గూకుతుంది. అందుకని కాపరులు ఒక పని చేస్తారు. తలా ఒక దిక్కుకు పోయి నిలబడి, ఎవరి పిలుపు వాళ్లు పిలుస్తారు. అంతే. దారపు ఉండ విప్పినట్టు మంద మందగా విడిపోతుంది. బాపు పిలుపు నాలుక ఆడించి "ట్ర్ర్ర్..." అని కింద మొదలై, "హో... య్" అని పైకి పోయి, చివర చిన్న దగ్గుతో ఆగేది. ఆ దగ్గు బీడీల వల్ల వచ్చింది. గొర్రెలకు అది కూడా పిలుపులో భాగమే.

హాస్టల్లో నన్ను "గొర్లోడు" అనేవాళ్లు. వాళ్లు అనేలోపే నేనే "మే..." అని అరిచి నవ్వించడం నేర్చుకున్నాను. నవ్వించేవాణ్ని ఎవరూ ఎక్కువసేపు ఏడిపించరు. ఆ విద్య మీదనే ఇన్నేళ్లు బతికాను. అది ఎక్కడ ఆగిపోతుందో బాపుకు జబ్బు చేసిన ఏడు తెలిసింది.

బాపు గొంతు మొదట బొంగురు పోయింది. "సినిమాల విలన్‌కు డబ్బింగ్ చెప్పొచ్చు బాపు" అన్నాను ఫోన్‌లో. నెల దాటింది, తగ్గలేదు. రెండు నెలలకు మింగడం కష్టమైంది. మంద అప్పటికే భూపాలపల్లి దిక్కు ఉంది. నేను పోయి బాపును బస్సులో ఎక్కించుకొని వరంగల్‌లో పెద్ద దవాఖానకు తీసుకొచ్చాను. మంద దగ్గర మా కాకను, అంటే బాపు తమ్ముణ్ని, ఉంచాము. కాక ట్రాక్టరు డ్రైవరు. ఆయన పిలిస్తే ట్రాక్టరు వస్తుంది గానీ గొర్రె రాదు.

డాక్టరు మంచాయన. మెల్లగా చెప్పాడు. గొంతులో క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేయాలి. మెడ కింద ఒక బొక్క పెడతాం, ఇక ఊపిరి అక్కడి నుంచే. ప్రాణం నిలబడుతుంది, మాట మాత్రం ఉండదు.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అలవాటు ప్రకారం ఒక జోకు రావాలి. రాలేదు. బాపే అడిగాడు, ఉన్న ఆ కాస్త బొంగురు గొంతుతో.

"సారూ, మాట పోతే పోనీ. మాట్లాడి మాట్లాడి నేను పీకింది ఏం లేదు. పిలుపు కూడా పోతదా?"

డాక్టరుకు అర్థం కాలేదు. "ఏ పిలుపు?"

"గొర్ల పిలుపు."

డాక్టరు నా దిక్కు చూశాడు. నేను నేల దిక్కు చూశాను. "అన్నీ పోతయి పెద్దాయనా" అన్నాడు చివరికి.

బయటికి వచ్చి బాపు బెంచీ మీద కూర్చున్నాడు. "పిలుపు లేనోనికి మందెందుకు? కాకకు చెప్పి అమ్మేయిద్దాం" అన్నాడు. క్యాన్సర్ అని చెప్పినప్పుడు కూడా ఆయన మొహం అట్లా లేదు.

అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనల చరిత్ర ఎట్లాంటిదో బెలూన్ల సంగతితోనే మీకు తెలిసి ఉండాలి. ఆపరేషన్ ముందు రోజు పొద్దున బాపును దవాఖాన వెనక వేపచెట్టు కిందికి తీసుకుపోయి, "బాపు, నీ పిలుపు ఫోన్‌ల పట్టుకుంట. ఎన్నిసార్లైనా మోగించొచ్చు. గొర్లకేం తెలుస్తది?" అన్నాను.

బాపు నన్ను జాలిగా చూశాడు. కానీ పిలిచాడు. దవాఖాన ఆవరణలో, పైజామా మీద, చేతికి సెలైన్ సూదితో, కళ్లు మూసుకొని, గొంతులో మిగిలింది అంతా ఊడ్చి పిలిచాడు. చీటీల వరుసలో ఉన్న జనం అంతా తిరిగి చూశారు. పిలుపు ఆగకముందే వాచ్‌మన్ ఉరికొచ్చి "ఏయ్ పెద్దాయనా! ఏందది? దవాఖాన ఇది!" అని అరిచాడు. రికార్డింగ్‌లో అది కూడా పడింది. రెండోసారి పిలవమంటే బాపు తల అడ్డంగా ఊపాడు. అయిపోయింది.

అదే ఆయన ఆఖరి పిలుపు.

ఆపరేషన్ అయ్యాక ఆయన మెడకు గుడ్డ కట్టుకొని పడుకొని ఉంటే, ఊపిరి ఆ గుడ్డను లేపుతూ దించుతూ ఉండేది. అవ్వ ప్రొద్దంతా ప్రార్థన చేసేది. నేను చేయలేదు. చేసింది చాలనుకున్నాను. మూడు నెలలుగా ఊరి చర్చి అంతా ఈయన గొంతు కోసం ఉపవాసం ఉంటే, పైనుంచి ఒక్క మాట వచ్చిందా? అయ్యగారు వచ్చి "దేవుడు మౌనాన్ని కూడా ఆలకిస్తాడు" అన్నాడు. మైకు లేకుండా ఆశీర్వాదం కూడా చెప్పని మనిషి మౌనం గురించి చెబుతుంటే నాకు కాలింది. "ఆలకిస్తడు సరే అయ్యగారు, జవాబు కూడా మౌనంగనే ఇస్తడా?" అని అడిగేశాను. అవ్వ నా చెయ్యి గిచ్చింది. అయ్యగారు కోప్పడలేదు. ఆ రోజు సాయంత్రం దాకా బాపు కాళ్ల దగ్గర కూర్చొని ఏమీ మాట్లాడకుండా ఉండి, ఆఖరి బస్సుకు పోయాడు. ఆయన చెప్పిన ప్రసంగాల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

బాపు పెదాలు కదిలేవి. ప్రార్థన అని తెలుసు. ఆ మాటల్లో ఏముందో మొదటిసారి మాకు తెలియలేదు. పరామర్శ చేస్తున్నాడో, కొట్లాడుతున్నాడో.

ఇంటికి వచ్చిన నెలకు, కాక ఫోన్ చేశాడు. "మందను పట్టుడు నాతోని అయితలేదురా. రాళ్లేసి రాళ్లేసి రెక్కలు పోయినయి. శనివారం బేరగాడు వస్తా అన్నడు. మొత్తం తోలుకపోతడంట. అన్ననడిగి చెప్పు."

బాపుకు మూడో తరగతి చదువు. పలక కొనిచ్చాను. పెద్ద పెద్ద అక్షరాలు దిద్ది చూపించాడు: "ఒక్కసారి చూసొస్త. గుర్తుపట్టకుంటే ఇచ్చేద్దాం."

"దుమ్ముల పోవద్దన్నడు డాక్టరు" అని అవ్వ మొత్తుకుంది. బాపు తడిగుడ్డ మెడకు కట్టుకొని, కర్ర అందుకొని, వాకిట్లో నిలబడ్డాడు. ఆయనతో వాదించే వీలు కూడా లేకుండా పోయింది. మాట లేని మనిషి మాట కాదనడం మస్తు కష్టం.

జనగామలో ఎక్కి, హనుమకొండలో మారి, భూపాలపల్లి బస్సులో కూర్చున్నాము. నా సంచిలో ఒక బ్లూటూత్ స్పీకరు ఉంది. చర్చి పిల్లల డాన్సుల కోసం కొన్నది. ఫోన్‌లో బాపు పిలుపు ఉంది. శుక్రవారం అది. బేరగాడు వచ్చేది మరునాడే. బాపు దారంతా కిటికీలోంచి చూస్తూ, ఎక్కడ మంద కనబడ్డా మెడ తిప్పి అది కనబడకుండా పోయేదాకా చూశాడు.

మేము ఆటో దిగి ఒర్రె దగ్గరికి నడిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కాక అరుపులు ముందు వినబడ్డాయి, తర్వాత కాక కనబడ్డాడు. దూప మీద ఉన్న మా గొర్రెలు కాకను లెక్క చేయకుండా ఉరికి, అప్పటికే నీళ్లు తాగుతున్న ఇంకొక మందలో కలిసిపోయాయి. వీపుల మీద మేము పూసిన నీలిరంగు గుర్తు రెండు నెలల్లో వెలిసిపోయింది. ఏది మాదో, ఏది వాళ్లదో దేవునికే తెలియాలి. నాకైతే అన్నీ గొర్రెల్లాగే కనబడ్డాయి.

రెండో మంద కాపరి ముసలాయన. నిదానంగా ఒడ్డు మీద కూర్చొని ఉన్నాడు. "పరేషాన్ ఎందుకయ్యా? మీయి మీరు పిలుచుకోరి, మాయి నేను పిలుచుకుంట" అన్నాడు.

కాక బాపు దిక్కు చూసి, తల దించుకొని, "మా అన్నకు గొంతు లేదు మామా. తీసేసిండ్రు" అన్నాడు.

ముసలాయన లేచి వచ్చి బాపు మెడకున్న గుడ్డ చూశాడు. "బీడీలా?" అని అడిగాడు. బాపు తల ఊపాడు. ముసలాయన తన చెవి మీది బీడీ తీసి, దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.

ఇక నేను ముందుకు వచ్చాను. "జర ఆగు మామా. మా బాపు పిలుపు నా కాడున్నది." స్పీకరు ఒక రాయి మీద పెట్టి, సౌండు మొత్తం పెంచి, నొక్కాను.

"ట్ర్ర్ర్... హో... య్..."

నీళ్ల మీది నుంచి తలలు లేచాయి. మావి అన్నీ ఒక్కసారి చెవులు నిక్కించాయి. చెవి తెగిన మా ముసలి గొర్రె, బాపు కన్నా గర్వం ఎక్కువున్నది, మందను చీల్చుకొని స్పీకరు దాకా వచ్చేసింది. దాని వెనక ఇంకొన్ని. నేను కాక దిక్కు గెలిచినోని లెక్క చూశాను. ముసలి గొర్రె స్పీకరును వాసన చూసింది. ఒకసారి తుమ్మింది. సరిగ్గా అప్పుడే స్పీకరులోంచి "ఏయ్ పెద్దాయనా! ఏందది? దవాఖాన ఇది!" అని వాచ్‌మన్ అరిచాడు. గొర్రెలన్నీ బెదిరి, వచ్చిన దానికన్నా వేగంగా ఉరికి, వాళ్ల మందలో ఇంకా లోపలికి దూరిపోయాయి.

కాక నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు. నేను మళ్లీ మోగించబోతూ బాపు దిక్కు చూశాను.

బాపు నవ్వడం లేదు. ఒక చెయ్యి మెడ మీది గుడ్డకు ఆనించి, స్పీకరునే చూస్తున్నాడు. పోయినోళ్ల ఫొటోను చూసినట్టు. ఆయన ముందు నేను ఏం మోగించానో అప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. స్పీకరు ఆపి సంచిలో కుక్కాను. ఆ తర్వాత ఇప్పటిదాకా దాన్ని మోగించలేదు. తీసేయనూ లేదు.

"ఇగ నేను పిలుస్తున్నయ్యా" అని ముసలాయన అవతలి ఒడ్డు ఎక్కి, నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల లాంటి పిలుపు పిలిచాడు. ఆయన గొర్రెలు కదిలాయి. ఒకటి, పది, తర్వాత వరద. అటు ఒడ్డు మీదికి ఎక్కుతూనే ఉన్నాయి. మంద అంటే మంద. ఒకటి పోతే అన్నీ పోతాయి. అందుకే కదా మనుషుల్ని కూడా గొర్రెలని తిడతారు.

మావి పోలేదు.

అబద్ధం చెప్పను, ఆ ఏడు పుట్టిన పిల్ల ఒకటి మాత్రం వాళ్ల వెంట సగం దూరం పోయి, తల్లి రావట్లేదని చూసుకొని తిరిగి వచ్చింది. మిగతావి ఉన్న చోటనే నిలబడ్డాయి. నీళ్లు తాగడం ఆపేసి, మోరలు ఎత్తి. ముసలాయన ఇంకోసారి పిలిచాడు. కదల్లేదు. ఒర్రె ఖాళీ అయింది. మా మంద ఒక్కటే మధ్యలో మిగిలింది, పిలవకుండా.

"ఇయ్యేందిరా, ఇటు రావు, అటు పోవు" అన్నాడు కాక.

అవతలి ఒడ్డు నుంచి ముసలాయన అరిచాడు. "ఎందుకు పోతయయ్యా? నా గొంతు వాటిది గాదు. వాటోడు పిలుస్తలేడు, అందుకని నిలబడ్డయి. గంతే!"

బాపు ఒర్రెలోకి దిగాడు. పిలవడానికి లేదు కాబట్టి మందకు ఎదురుగా పోయి నిలబడలేదు. చుట్టూ తిరిగి, ఎప్పటిలాగే, వెనక్కి పోయాడు. వెనక ఒక కుంటిది బురదలో కాలు ఇరుక్కొని నిలబడి ఉంది. కాక ఎన్నిరోజుల నుంచి చూసుకోలేదో, గిట్టల మధ్య ముల్లు వాచి ఉంది. బాపు వంగి దాని కాలు మోకాళ్ల మధ్య పట్టుకొని, ముల్లు తీసి, అరచేత్తో నీళ్లు పోసి కడిగాడు. మేము చూస్తూ ఉన్నాము. మందా చూస్తూ ఉంది. తర్వాత కర్రతో రాయి మీద మూడుసార్లు కొట్టాడు. టక్, టక్, టక్.

చెవి తెగిన ముసలి గొర్రె మెడ తిప్పి వెనక్కి చూసింది. చూసి, రాత్రి మంద ఆపే చోటుకు పోయే దారి పట్టింది. దాని వెనక అన్నీ. అన్నిటి వెనక కుంటిది. కుంటిదాని వెనక బాపు.

ఆయన భుజాలు ఊగుతుంటే ఏడుస్తున్నాడేమో అనుకొని దగ్గరికి పోయాను. మెడ మీది గుడ్డ కింద నుంచి గాలి ఈల వేస్తూ వస్తోంది. నవ్వో, ఏడుపో చెప్పే గొంతు లేదు కదా. కళ్లు చూస్తే రెండూ ఉన్నాయి. నా సంచిలోంచి పలక లాగి రాశాడు: "బేరగాన్ని రావద్దను."

ఆ పూట మంద వెనక నడుస్తూ నేను చాలా రోజులకు ప్రార్థన చేశాను. ప్రార్థన అంటే పెద్దగా ఏం లేదు. మా పిలుపు పైకి వినబడుతుందా లేదా అని మూడు నెలలు కొట్లాడాను. మాకు ఆయన పిలుపు వినబడని రోజు మేము ఏం చేయాలో ఎప్పుడూ అనుకోలేదు. బహుశా చేయాల్సింది ఏమీ లేదు. ఇంకొకరి ఈలకు పోకుండా ఉన్నచోట నిలబడటమే. ముందు ఎవరూ కనబడలేదంటే అసలు లేడని కాదు. ఫ్లెక్సీ తప్పు, బాపు కరెక్టు. ఆయన వెనక ఎక్కడో, ఎవరిదో కుంటి కాలు పట్టుకొని ఉండి ఉంటాడు. గొర్రెల దగ్గర బుద్ధి నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకేమంత గౌరవం కాదు. కానీ ఆ మధ్యాహ్నం నుంచి గుండె మీంచి ఒక బరువు మాత్రం దిగింది. దుఃఖం దిగలేదు. బరువే.

బాపు ఇంకో ఎండాకాలం మందను కాశాడు. కర్ర చప్పుడుతోనే. ఆ మరుసటి ఏడు రోగం ఊపిరితిత్తులకు పాకింది. భూపాలపల్లి నుంచి మంద తిరిగి వచ్చాక, తొలకరి వానల్లో, దొడ్డి పక్కన మంచం వేయించుకున్నాడు. ఒకరోజు పొద్దున కాక మందను బయటికి తోలుతుంటే, ఆఖరున నడిచే కుంటిది దొడ్డి దాటేదాకా తల ఎత్తి చూశాడు. సినిమా అయితే అక్కడ పోవాలి. బాపు పోలేదు. ఇంత జావ తాగాడు. చింతపండు నానబెట్టినవా అని అవ్వను సైగతో అడిగాడు. నన్ను చూసి గడ్డం గీసుకోమన్నాడు. పదకొండింటికి, అవ్వ పొయ్యి దగ్గరికి పోయినప్పుడు, నేను పక్కన ఉండగానే, మెడ మీది గుడ్డ కదలడం ఆగిపోయింది. నేను కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మళ్లీ లేస్తుందని.

ఆదరణ కూడికకు ఫ్లెక్సీ నేనే చేశాను. మా వాళ్లలో సమాధి అయ్యాక కొన్ని రోజులకు ఇంటి వాళ్లను ఓదార్చడానికి చేసే ప్రార్థనను ఆదరణ కూడిక అంటారు. మా ఓనరు "నీకు ఏ ఫొటో కావాలంటే అది పెద్దగ కొట్టుకో" అన్నాడు. బాపుకు మంచి ఫొటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా భూపాలపల్లిలో నేను తీసింది, మందంతా ముందుకొస్తుంటే, దుమ్ములో, అన్నిటి వెనక వేలెడంత. పెద్దగా చేస్తే మనిషి చుక్కలు చుక్కలైపోయాడు. అయినా అదే కొట్టాను. మబ్బులు పెట్టలేదు.

దొడ్డి తడకకు కట్టి, బంతిపూల దండ వేశాము. వచ్చిన చుట్టం ఒకాయన కళ్లజోడు సవరించుకొని చూశాడు. "ఏడిరా మీ బాపు? అన్నీ గొర్లే ఉన్నయి."

"ఎనుక చూడు పెదనాయినా."

అయ్యగారు మైకు పట్టుకొని కాపరి గురించి చెబుతుండగా సాయంత్రమైంది, మంద ఇంటికి వచ్చింది. చెవి తెగిన గొర్రె నేరుగా తడక దగ్గరికి పోయి, దండ అందుకొని, ఒక్కొక్క పువ్వే నమలడం మొదలుపెట్టింది. అయ్యగారు ఆగిపోయాడు. కాక కర్ర ఎత్తాడు.

"ఊకో, తిననీ" అంది అవ్వ. "ఆయనకు ఏసిందే గదా. ఆయనుంటే మాత్రం ఒద్దంటుండెనా?"

"ఒద్దనేటోడే అవ్వా, కడుపుబ్బుతదని" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వుతూనే అవ్వ మొహం చెదిరిపోయింది.

నేను లేచాను. అలవాటు కొద్దీ కళ్లు మంద వెనక్కి పోయాయి. అక్కడ ఎవరూ లేరు. కుంటిది ఒక్కటే ఇంకా బాట మీద, చీకటి పడకముందు చేరుతానా లేదా అన్నట్టు, మెల్లగా వస్తోంది. పొలం గట్టు దాటి పోయి దాని వెనక నిలబడ్డాను. పిలవలేదు. నాకు పిలుపు రాదు. అది ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడిచాను.

ఇల్లు చేరేసరికి, కూడిక కోసం తొడుక్కున్న నా తెల్ల అంగీ నిండా పల్లేరుకాయలు. అవ్వ నన్ను వాకిట్లో కూర్చోబెట్టుకొని, ఒక్కొక్కటే ఏరి పారేసింది.